అత్యవసర వైద్యం: కాశీబుగ్గ, పలాస, ఉద్దానం

పలాస–కాశీబుగ్గ శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో ఉన్న జంట పట్టణం. రైలు స్టేషన్‌ది పలాస పేరు, బస్సులూ బజారూ కాశీబుగ్గవి. 2011 జనాభా లెక్కల ప్రకారం మున్సిపాలిటీలో 57 వేల పైచిలుకు మంది ఉన్నారు. ఇక్కడి కేజువాల్టీ మెట్లెక్కేవాళ్ళు మాత్రం ఆ 57 వేల మందే కారు. వజ్రపుకొత్తూరు తీరంలో వేటకు వెళ్ళే మత్స్యకారులు, మందస కొండల కింది సవర గిరిజనులు, ఉద్దానం కొబ్బరి, జీడి తోటల కూలీలు, జాతీయ రహదారి మీద లారీ నడుపుకుంటూ పోయే పరాయి రాష్ట్రాల డ్రైవర్లు కూడా ప్రాణం మీదికి వస్తే ముందు ఇక్కడికే వస్తారు.

పేదలు ఎక్కువగా ఉండే పట్టణంలో అత్యవసర విభాగం ఏం చేస్తుందన్న ప్రశ్నకు పుస్తకాల్లో దొరికే జవాబు చాలావరకు అమెరికాది. బీమా లేనివాళ్ళకు అక్కడ ఎమర్జెన్సీయే ఇంటి డాక్టరు. ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ డబ్బు తీసుకునే ఆసుపత్రి ఏదైనా, వచ్చినవాళ్ళు చెల్లించగలరా లేదా అని చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం లేని స్థితికి తేవాలని 1986లో అక్కడ చట్టం చేశారు. దాంతో చెవిపోటుకీ, మందుచీటీ అయిపోయినందుకూ జనం ఎమర్జెన్సీకే వెళ్ళడం, గంటల తరబడి కూర్చోవడం అక్కడ మామూలైంది. కాశీబుగ్గలో లెక్క తిరగబడి ఉంది. జ్వరానికీ, ఒళ్ళు నొప్పులకీ వీధి చివర ఆర్‌ఎంపీ ఉన్నాడు, రాత్రి తొమ్మిదింటి దాకా మెడికల్ షాపు ఉంది. ఆ రెండు చోట్లా తేలనిదే కేజువాల్టీకి వస్తుంది. అంటే ఆలస్యంగా, ముదిరాక వస్తుంది. అమెరికా సమస్య రద్దీ అయితే, ఇక్కడి సమస్య గడచిపోయిన సమయం. ఈ తేడా గమనించకుండా అక్కడి పరిష్కారాలు ఇక్కడ అతికిస్తే పని జరగదు.

పనీ దెబ్బలూ

పలాస పేరు చెప్పగానే దేశమంతా జీడిపప్పు గుర్తుకు తెచ్చుకుంటుంది. పిక్కను ఉడికించి, కోసి, పప్పు తీసి, పొట్టు ఒలిచే పనిలో ఎక్కువ మంది ఆడవాళ్ళు. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలు దీనికి కారణం. రోజూ పిక్కలు కోసే చెయ్యి వేళ్ళ కొసల దగ్గర నల్లబడి, పొరలు లేచి, గీతలు గీతలుగా పగులుతుంది. బొటనవేలి ముద్ర పడక బయోమెట్రిక్ యంత్రం దగ్గర నిలబడిపోయే చేతులివి. వీళ్ళు కాలిన చేతికని ఆసుపత్రికి రారు. ఆ పగుళ్ళలోంచి చీము పట్టి జ్వరమొచ్చాక వస్తారు.

"ఏటమ్మా, ఈ చెయ్యి ఎప్పట్నించి ఇలగుంది?"

"పిక్కలు కొట్టినోళ్ళకి ఇది మామూలే సిస్టరమ్మా. జొరం తగ్గక వచ్చినాను."

ఇలాంటి మాటల్లోనే అసలు సంగతి ఉంది. పని వల్ల వచ్చిన గాయాన్ని పని చేసేవాళ్ళే గాయంగా లెక్కపెట్టరు. నూనె కంట్లో చిందితే మాత్రం పరుగున వస్తారు. వచ్చేముందు అక్కడికక్కడే ధారగా నీళ్ళు పోసి కడిగి ఉంటే చూపు దక్కే అవకాశం ఎక్కువ. కేజువాల్టీ చేసేదాని కన్నా మొదటి పది నిమిషాల్లో పని స్థలం దగ్గర కుళాయి చేసేది పెద్దది.

కొబ్బరి చెట్టు మీంచి పడినవాళ్ళది మరో కథ. నలుగురూ కాళ్ళూ చేతులూ పట్టుకుని లేపి, ఆటోలో కూర్చోబెట్టి తెస్తారు. వెన్నెముక విరిగి ఉంటే ఆ లేపడంలోనే వెన్నుపాము దెబ్బతినే ప్రమాదముంది. మనిషిని కదపకుండా బల్ల మీదికి దొర్లించి తేవాలన్న సంగతి ఊళ్ళలోకి ఇంకా పూర్తిగా పాకలేదు. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో రాయి కింద నలిగిన కాలు, రహదారి మీద హెల్మెట్ లేని తల, తీరంలో టేకు చేప ముల్లు దిగిన పాదం వంటివన్నీ ఒకే గదిలో ఒకే డ్యూటీ డాక్టరు చూడాలి. టేకు ముల్లు నొప్పి భరించలేనిది. దానికి ముందు కావలసింది మాత్రం ఖరీదైన ఇంజెక్షన్ కాదు, కాలు ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళ బకెట్. ఆ వేడికి విషం తీవ్రత తగ్గి నొప్పి దిగుతుంది.

పాముకాటుది ఇంకో తీరు. వానాకాలం రాత్రి నేల మీద పడుకున్న మనిషి, తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతున్నాయంటాడు. ఒంటి మీద కాటు గుర్తు కనబడదు. ఇంట్లోవాళ్ళు గ్యాసనుకుంటారు. కట్లపాము పని ఇది. రక్తపింజర అయితే రక్తం గడ్డకట్టదు. ఆ సంగతి తేల్చడానికి యంత్రం అక్కర్లేదు. శుభ్రమైన గాజుగొట్టంలో కాస్త రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఆ తర్వాత వంచి చూడాలి. రక్తం ఇంకా పారుతుంటే విషం ఎక్కినట్టే. దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే నాలుగు జాతుల పాములకూ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది కాబట్టి, కరిచిన పామును చంపి సంచిలో వేసుకుని రానక్కర్లేదు. అయినా తెస్తూనే ఉంటారు.

కిడ్నీ

ఉద్దానం గురించి మాట్లాడకుండా ఈ ప్రాంతపు కేజువాల్టీ గురించి మాట్లాడలేం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు కలిసిన ఉద్దానంలో కారణం ఇదీ అని తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఉంది. ఇంటింటి సర్వేలు చేసిన పరిశోధకులు పెద్దల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి జబ్బు ఛాయలు కనిపించాయని రాశారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకూ, మధ్య అమెరికాలో నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే ఉంది. ఎండలో ఒళ్ళొంచి పని, ఒంట్లో నీరు తగ్గడం, తాగే నీళ్ళు, పురుగుమందులు, నొప్పి మాత్రలు అంటూ అనుమానాలు చాలా ఉన్నాయి. ఒక్కటీ ఒంటరిగా నేరం ఒప్పుకోలేదు.

ఈ జబ్బు చప్పుడు చేయదు. కాళ్ళ వాపు ఆలస్యంగా వస్తుంది, చాలామందికి బీపీ కూడా మొదట్లో పెరగదు. ఆకలి తగ్గడం, నీరసం వంటివి కూలిపనివాడికి జబ్బు లక్షణాల్లా తోచవు. అందుకే కొందరికి తమ కిడ్నీలు పోయాయన్న సంగతి మొదటిసారి తెలిసేది కేజువాల్టీ బల్ల మీదే. అప్పటిదాకా నొప్పులకు వేయించుకున్న డైక్లోఫెనాక్ సూదులు మిగిలిన కాస్త కిడ్నీనీ తినేసి ఉంటాయి.

డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళ సంగతి వేరు. వారానికి మూడుసార్లు చేయించుకోవడం మేలు. చాలామందికి రెండే కుదురుతాయి. పండగకి చుట్టాలొచ్చారనో, వెంట వచ్చే కొడుకు వలస వెళ్ళాడనో, తుపాను గాలికి దారి మూసుకుపోయిందనో ఒక వాయిదా తప్పితే, ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అది ఎక్కువగా రాత్రి పూటే తేలుతుంది, ఎందుకంటే పడుకుంటేనే ఆయాసం. "పక్క మీద వాలనేకపోతన్నాడు బాబూ" అంటుంది వెంట వచ్చిన భార్య. మనిషి బల్ల అంచున ముందుకు వంగి కూర్చుని ఉంటాడు. ఆ మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి పరీక్ష చేయబోతే ప్రాణం పోవచ్చు. కూర్చోబెట్టే ఆక్సిజన్ పెట్టాలి. డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్టులా ఉన్న చేతికి సూది గుచ్చకూడదు, బీపీ పట్టీ కట్టకూడదు, ఎందుకంటే ఆ చెయ్యి ఆయనకి యంత్రంతో ఉన్న ఒకే దారి. సెలైన్ బాటిల్ ఎక్కించడం అసలే కూడదు. మన దగ్గర "సెలైన్ పెట్టండి డాక్టరుగారూ" అనేది బంధువుల మొదటి కోరిక కాబట్టి, డాక్టరు సగం శ్రమ వద్దని చెప్పడానికే పోతుంది.

రెండో ప్రమాదం పొటాషియం. కిడ్నీ బయటికి పంపలేని పొటాషియం రక్తంలో పెరిగి గుండె లయను తప్పిస్తుంది. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, కాళ్ళలో సత్తువ లేదంటాడు, ఇంతలో గుండె ఆగుతుంది. ఇందులో ఉద్దానానికే ప్రత్యేకమైన చిక్కొకటుంది. కొబ్బరి నీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది. నీరసంగా ఉన్న మనిషికి బొండం కొట్టి ఇవ్వడం ఇక్కడ మర్యాద, వైద్యం, ప్రేమ అన్నీ కలిసిన పని. డయాలిసిస్ రోగికి అది చేటు. ఉప్పు చేప నంజుకోవడం కూడా అంతే, దాహం పెంచి నీళ్ళు తాగిస్తుంది. ఈసీజీలో టీ అల నిటారుగా లేచి కనబడితే, ల్యాబు రిపోర్టు కోసం ఆగకుండా కాల్షియం గ్లూకోనేట్ నరానికి ఇవ్వాలి. ఆ తర్వాత గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్, సాల్బుటమాల్ నెబ్యులైజర్. ఇవన్నీ ఏ చిన్న ఆసుపత్రి అల్మారాలోనైనా ఉండే చవక మందులే. అవి పొటాషియాన్ని ఒంట్లోంచి తీసెయ్యవు. కాల్షియం గుండెను కాసేపు కాపాడుతుంది, మిగతావి పొటాషియాన్ని కాసేపు కణాల్లో దాస్తాయంతే. ఆ కొద్ది గంటల్లో డయాలిసిస్ యంత్రం దగ్గరికి చేర్చాలి.

యంత్రం ఎంత దూరంలో ఉందన్నదే ఇక్కడి చరిత్రంతా. ఒకప్పుడు విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) తప్ప దిక్కులేదు, అంటే సుమారు 190 కిలోమీటర్లు. ఆ తర్వాత సోంపేట, పలాస, టెక్కలి, కవిటి లాంటి చోట్ల ప్రభుత్వ డయాలిసిస్ కేంద్రాలు వచ్చాయి. 2019లో డయాలిసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలైంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అదే రోజు హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చే సుమారు 700 కోట్ల పథకమూ మొదలైంది. ఆయాసంతో ఉన్న మనిషికి యంత్రం 190 కిలోమీటర్ల దూరం నుంచి పక్క వీధికి రావడం ఏ కొత్త మందుకన్నా పెద్ద మార్పు. యంత్రాలు నడిపే సాంకేతిక సిబ్బందీ, రాత్రి పిలిస్తే పలికే నెఫ్రాలజిస్టూ అంత తొందరగా దొరకరన్నది అందరికీ తెలిసిందే.

రాసేశారు

పలాస నుంచి టెక్కలి జిల్లా ఆసుపత్రి సుమారు 25 కిలోమీటర్లు, శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి (జనం నోట రిమ్స్) సుమారు 75. ఆ పైన కేజీహెచ్. "రిమ్స్‌కి రాసేశారు", "కేజీకి రాసేశారు" అన్న మాట ఈ ప్రాంతంలో ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వినబడి ఉంటుంది. చిన్న ఆసుపత్రిని తిట్టడానికి జనం వాడే మాట ఇది. అది పూర్తిగా న్యాయం కాదు. తలలో రక్తం గడ్డకట్టినవాణ్ణి న్యూరోసర్జన్ లేనిచోట అట్టేపెట్టుకోవడమే తప్పు. తిట్టవలసింది రాయడాన్ని కాదు, రాసేముందు ఏమీ చేయకపోవడాన్ని. శ్వాస మార్గం సరిచేసి, రక్తం ఆపి, విరుగుడు మొదటి మోతాదు ఎక్కించి, ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో చీటీ మీద రాసి, అవతలి ఆసుపత్రికి ఫోను చేసి పంపితే అది వైద్యం. "హయ్యర్ సెంటర్‌కు పంపడమైనది" అని ఒక్క ముక్క గీకి పంపితే టెక్కలిలో మళ్ళీ మొదటి నుంచి మొదలు, శ్రీకాకుళంలో ఇంకోసారి. ఒక్కో మజిలీ దగ్గర అరగంటో గంటో పోతుంది.

గుండెపోటు విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గడ్డను కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ బజారులో వేల రూపాయల ఖరీదు. ఇటీవలి సంవత్సరాల్లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని చిన్న పట్టణాల ఆసుపత్రులకు ఉచితంగా చేర్చి, ఈసీజీని పెద్దాసుపత్రి కార్డియాలజిస్టుకు పంపి సలహా తీసుకునే ఏర్పాటు చేసింది. ఛాతీనొప్పితో వచ్చిన కూలీకి ఆ సూది కాశీబుగ్గలోనే పడితే, ఆ తర్వాత విశాఖ ప్రయాణానికి కొంత సమయం చిక్కుతుంది. పడకుండా బయల్దేరితే అంబులెన్సు ఎంత వేగంగా పోయినా గుండె కండరం దారిలోనే చచ్చిపోతూ ఉంటుంది.

108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై రాష్ట్రమంతా పాకింది. 2007 ఏప్రిల్ 1న పేదల ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీని మొదట ప్రవేశపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు శ్రీకాకుళం ఒకటి. వెనుకబడిన జిల్లాగా లెక్కించినందుకు దక్కిన ముందు వరుస అది. ఆపరేషన్లకూ, పెద్ద జబ్బులకూ ఆ కార్డు ఇంటి పరువు నిలిపింది. కానీ రాత్రి రెండు గంటలప్పుడు ప్రైవేటు నర్సింగ్‌హోములో మొదట అడిగేది అడ్వాన్సు. కేసు జాబితాలో ఉందా లేదా అన్నది తేలేది పొద్దున్నే. ఈ మధ్యలో చేబదుళ్ళు, కుదువపెట్టిన నగలు, ఊరి సర్పంచికి ఫోన్లు. ఇచ్ఛాపురం వైపు వాళ్ళలో కొందరు ఇటు శ్రీకాకుళం రాకుండా అటు ఒడిశాలోని బరంపురం మెడికల్ కాలేజీకి పోతారు. అది వాళ్ళకి దగ్గర, పైగా ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్ళు చాలామంది.

పోలీసు కాగితం

ప్రమాదం, కాలిన గాయం, విషం, కొట్లాట దేనికైనా ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) రాయాలి, పోలీసులకు కబురు వెళ్ళాలి. కేసులో ఇరుక్కుంటామన్న భయంతో దారినపోయేవాళ్ళు పడినవాణ్ణి ముట్టుకోని రోజులుండేవి. పోలీసు లాంఛనాలు ముందా, ప్రాణం ముందా అన్న ప్రశ్నకు 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ప్రాణమే ముందని తేల్చింది. డాక్టరు ప్రభుత్వంలో ఉన్నా ప్రైవేటులో ఉన్నా ఇది వర్తిస్తుంది. 1996లో మరో తీర్పు వచ్చింది. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని కలకత్తాలో వరుసగా ప్రభుత్వ ఆసుపత్రులు మంచం లేదనీ, వసతి లేదనీ తిప్పి పంపాయి. చివరికి ఆయన ప్రైవేటులో చేరి 17 వేల రూపాయలు పోగొట్టుకున్నాడు. సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగమిచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని కోర్టు అంది, డబ్బులేదన్న సాకు ప్రభుత్వం చెప్పకూడదంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో, ప్రమాద బాధితుణ్ణి ఆసుపత్రికి తెచ్చినవాళ్ళకు రక్షణ కలిగింది.

పురుగుమందు తాగినవాళ్ళ విషయంలో భయం ఇంకా పోలేదు. కేసవుతుందని ఇంట్లోవాళ్ళు "తెలియక తాగాడు" అంటారు, ఏ మందో చెప్పరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, శిక్షించకుండా సాయం చేయాలంటుంది. డబ్బా చేతికిస్తే డాక్టరు సరైన విరుగుడు అరగంట ముందు మొదలుపెట్టగలడు.

తుపాను, తొక్కిసలాట

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఒక్క డయాలిసిస్‌కు నాలుగు గంటల కరెంటూ, నూట ఇరవై లీటర్లకు పైగా శుద్ధిచేసిన నీళ్ళూ కావాలి. తుపాను గాయాలంటే తల మీద రేకు పడ్డవాళ్ళే గుర్తొస్తారు. వాయిదా తప్పిన కిడ్నీ రోగి ఆ లెక్కలోకి రాడు. ఈ తీరంలో విపత్తు ప్రణాళిక రాసేటప్పుడు జనరేటరు డీజిలు, నీటి ట్యాంకరు, తుపానుకు ముందురోజే అందరికీ ఒక వాయిదా పూర్తిచేయడం మొదటి పేజీలో ఉండాలి.

2025 నవంబరు 1, కార్తీక ఏకాదశి శనివారం. కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళు. గుంపులో నలిగినవాళ్ళ ప్రాణం తీసేది చాలావరకు ఎముకలు విరగడం కాదు, ఛాతీ కదలక ఊపిరాడకపోవడం. కొద్ది నిమిషాల్లో అంతా అయిపోతుంది. కాబట్టి ఆసుపత్రి ఎంత బాగున్నా అక్కడి దాకా చేరే ప్రాణాలు కొన్నే. చేరినవాళ్ళను తీవ్రతను బట్టి విడదీసి, కేకలు పెట్టే చెయ్యి విరిగిన మనిషి కన్నా మాటాడని మనిషిని ముందు చూడాలి. బంధువుల గుంపు మధ్య అది చెప్పినంత సులువు కాదు. చిన్న పట్టణాల ఆసుపత్రుల్లో ఏడాదికి ఒకసారైనా దీన్ని ఉత్తుత్తిగా చేసి చూడటం తప్ప వేరే దారి లేదు.

గదిలో ఎవరుంటారు

భారతదేశంలో అత్యవసర వైద్యానికి ప్రత్యేక పీజీ కోర్సుగా గుర్తింపు వచ్చింది 2009లో. అమెరికాలో అదే 1979 నాటి ముచ్చట. అందువల్ల మన పట్టణ ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ సాధారణంగా కొత్తగా ఉద్యోగంలో చేరిన ఎంబీబీఎస్ డాక్టరుది, ఏళ్ళ తరబడి ఆ గదిలోనే పనిచేసిన స్టాఫ్ నర్సుది. ఏ అల్మారాలో ఏముందో, ఏ ఊరివాళ్ళు ఏ మాటకి వింటారో నర్సుకే తెలుసు. స్థానికుల్లోంచే సిబ్బందిని తయారుచేసుకున్న చోట్లూ ఉన్నాయి. 1967లో అమెరికా పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడం హౌస్ అనే అంబులెన్సు సేవ, పేద నల్లజాతి పేటలోని నిరుద్యోగ యువకులకే శిక్షణ ఇచ్చి, పారామెడిక్ అన్న వృత్తికి దారి చూపింది. ఉద్దానం మత్స్యకార పల్లెల్లో, జీడి బట్టీల దగ్గర, కొబ్బరి కొట్టేవాళ్ళలో అలాంటి శిక్షణకు పనికొచ్చేవాళ్ళు తక్కువేమీ లేరు.

పరికరాల విషయానికొస్తే, నాయకులు ప్రకటించేది ఎప్పుడూ సీటీ స్కానే. ఈ ప్రాంతపు కేజువాల్టీకి అంతకన్నా ముందు కావలసింది రాత్రి పన్నెండింటికి కూడా పొటాషియం ఎంతో ఐదు నిమిషాల్లో చెప్పే చిన్న యంత్రం, దానికి అయిపోకుండా కార్ట్రిడ్జులు, రక్తం నిల్వ ఉంచే ఫ్రిజ్, ఎవరికి ఏ రోజు డయాలిసిస్ వాయిదా ఉందో పలాస, సోంపేట, టెక్కలి కేంద్రాలన్నిటికీ కనబడే ఒకే జాబితా. వాయిదాకి రాని మనిషికి ఆ సాయంత్రమే ఆశా కార్యకర్త ఫోను చేస్తే, అర్ధరాత్రి బల్ల అంచున వంగి కూర్చునేవాళ్ళలో కొందరు అసలు రానక్కర్లేదు.